గుండు ఉపవాసం

గుండు తిండి మానేసిందని ఆ ఇంట్లో మొదట కనిపెట్టింది హేమ. చెప్తే ఎవరూ పట్టించుకోలేదు. తాబేలు మనిషిలా పూటపూటకీ కంచం ముందేసుకుని కూర్చుంటుందా, నాలుగు రోజులు పస్తుంటే ఏం కొంప మునిగిందన్నట్టు చూశారు.

గుండు హేమతోపాటు అత్తవారింటికి వచ్చిన తాబేలు. హేమది నరసన్నపేట దగ్గర వరి పండించుకునే కుటుంబం. పెళ్ళికి ముందు విశాఖలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కౌంటర్ మీద కూర్చునేది. ఈశ్వర్ అప్పట్లో అక్కడ హార్బర్లో మరపడవల మీద పనిచేసేవాడు. రోజంతా చేపలు పట్టేవాడు సాయంత్రాలు ఆ దుకాణానికొచ్చి గాజుతొట్టెల్లో రంగుచేపల్ని అంతసేపు ఎందుకు చూసేవాడో వేరే చెప్పక్కర్లేదు. దుకాణం మూసేసిన రోజున అన్నీ అమ్ముడుపోయాయి గానీ ఈ ఒక్కటి మిగిలింది. డిప్ప మీద ఒకచోట సొట్ట ఉందని ఎవరూ కొనలేదు. మన అడవుల్లో దొరికే చుక్కల తాబేలైతే ఇంట్లో పెంచడం నేరం. ఇది ఎక్కడో ఆఫ్రికా ఎడారి జాతి, కాగితాలున్నాయి. యజమాని ఆ కాగితాలతో సహా హేమ చేతిలో పెట్టి దండం పెట్టేశాడు. పుట్టింటి పెరట్లో అది గరిక మేసి, గోడవారన ఎండ కాచుకుని, రుబ్బురాయంత అయింది.

పెళ్ళయ్యాక హేమ అత్తవారి ఊరు, సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడులో అడుగుపెట్టిన రోజున ఈశ్వర్ దాన్ని చూసి, "మీ ఇంటి నుంచి ఒచ్చినాడు గాబట్టి ఈడు నాకు బావ" అన్నాడు. అప్పట్నించీ ఆ ఇంట్లో గుండుకి రెండో పేరు బావ.

అత్త లక్ష్మణమ్మ మాత్రం వేళాకోళం చేయలేదు. హారతిచ్చి లోపలికి తీసుకుంది. వలలో తాబేలు పడితే పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ సముద్రంలో వదలడం ఆ వాడలో అందరికీ తెలిసిన మర్యాద. అలాంటిది తాబేలు తనంతట తాను గడప దాటి వచ్చిందంటే దాన్ని ఎక్కడ పెట్టాలో లక్ష్మణమ్మకి ఒకరు చెప్పాలా? టెక్కలిలో ఏదో కొట్లో నీళ్ళు పోసిన పళ్ళెంలో ఇత్తడి తాబేలుని పెట్టి పూజించడం చూసింది. బొమ్మకే అంత మర్యాదుంటే ప్రాణమున్నదానికి ఎంతుండాలి! దేవుడిగదిలో, కిటికీ లేని మూల, గచ్చు మీద వెడల్పాటి ఇత్తడి పళ్ళెం పెట్టి, నీళ్ళు పోసి, అందులో గుండుని కూర్చోబెట్టింది. ప్రతి శనివారం డిప్పకి నువ్వులనూనె, పసుపు. కొత్త కోడలు, వచ్చీరాగానే అత్త భక్తికి అడ్డు చెప్పలేకపోయింది. మొహమాటానికి పోయి ఊరుకుంది. దాని ఫలితం పుష్యమాసం చలి మొదలయ్యాక కనబడింది.

గుండు మెడ బయటికి చాపడం మానేసింది. బచ్చలాకు పెట్టినా, కీరదోస ముక్క పెట్టినా కళ్ళు తెరవలేదు. లక్ష్మణమ్మ ఎండురొయ్యలు తెచ్చి మూతి ముందు పోసింది. రొయ్యలు పిల్లి తినేసింది.

"అత్తా, దీన్ని ఎండలోకి తేవాల. ఆ నీళ్ళు తీసెయ్యాల. ఇది నీళ్ళల్లో ఉండేది కాదు" అంది హేమ, ఇంక ఉండబట్టలేక.

"తాబేలు నీళ్ళల్లో ఉండదేటి! రేపు సేపకి ఈత రాదంటావు."

"కాళ్ళు సూడత్తా. సముద్రం తాబేలుకి తెడ్లుంటాయి. దీనికి ఏనుగు కాళ్ళున్నాయి."

"దేవుడు ఏ కాళ్ళు పెట్టుకోవాలో నువ్వు సెప్తావేటి?" అని లక్ష్మణమ్మ దీపం వత్తి ఎగదోసింది. తర్వాత గొంతు తగ్గించి, "అది ఉపాసం సేస్తన్నాది పిల్లా. గంగమ్మ కాడికి పంపీమని అడుగుతన్నాది. మాఘ పున్నమికి అందరూ తానానికి ఎల్తారు గదా, ఆ రోజు పసుపు కుంకం ఎట్టి సాగనంపీద్దాం" అంది.

సముద్రంలో వేస్తే అది రాయిలా మునిగిపోతుంది. ఆ మాట అంటే అత్త నమ్మదు. నమ్మకపోవడానికి ఒక కారణముంది, అదీ హేమకి తెలుసు. మామ పోతురాజు సముద్రం పాలైన ఏడు, ఆయన వలలో ఒక తాబేలు చిక్కుకుంది. తుఫాను కబురు విని ఒడ్డుకి చేరే తొందరలో పసుపూ లేదు, దండమూ లేదు, వల కోసి రెక్క విరిగిన దాన్ని అలాగే తోసేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోతురాజు పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు. ఇప్పుడు ఈశ్వర్ అదే సముద్రం మీదికి వెళ్తున్నాడు. పస్తులున్న తాబేలుని ఇంట్లో కట్టిపడేసి కొడుకుని చేపల వేటకి పంపడానికి ఆ తల్లికి గుండె చాలడంలేదు. అందులో తప్పేముంది? హేమకి మాత్రం ఈశ్వర్ గురించి భయం లేదా?

మర్నాడు హేమ గుండుని గోనెసంచిలో చుట్టి, ఈశ్వర్ బండి వెనకాల కూర్చుని నరసన్నపేట పశువుల డాక్టరు మోహనకృష్ణ దగ్గరికి వెళ్ళింది. ఆయన గేదెల వైద్యుడు. "తాబేలుని చదువుకునేటప్పుడు చూడ్డమేనమ్మా" అని నిజం ఒప్పుకుని, తనతో చదువుకున్న మరో డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆవిడ చెప్పినట్టల్లా నోరు తెరిపించి చూశాడు, ముక్కు చూశాడు, తూచాడు.

"నోట్లో పుండు లేదు, ముక్కు కారడం లేదు. దీనికి జబ్బు కాదు, చలి. ఒళ్ళు వేడెక్కితేనే వీటికి కడుపు పనిచేస్తుంది. పొడిగా ఉండే చోటు కావాలి, ఒకవైపు బాగా వేడి ఉండాలి, రోజూ ఎండ తగలాలి. ఆ నూనె తుడిచెయ్. నోట్లో బలవంతంగా ఏదీ కుక్కొద్దు."

"తింతాదా సార్?"

"వేడి పెట్టి చూడు. ఇలాగే ఉంటే మాత్రం ఎక్కువ రోజులు ఆగదు."

ఇంటికి రాగానే హేమ చేసిన మొదటి పని పళ్ళెంలో నీళ్ళు పారబోయడం. రెండోది గోరువెచ్చటి నీళ్ళతో డిప్ప మీది నూనె జిడ్డంతా తుడవడం. మూడోది కాస్త తెలివితక్కువ పని. పెరట్లో చేపలు ఐసులో పెట్టే థర్మాకోల్ పెట్టె కనబడింది. చల్లదనాన్ని ఆపేది వేడిని ఆపదా అనుకుని, అందులో ఇసుక పరిచి, గుండుని పెట్టి, పైన పెద్ద బల్బు వేలాడదీసి మూత వేసింది. కాసేపటికి వాడంతా కాలిన కంపు. మూత తీస్తే థర్మాకోల్ కరిగి తీగల్లా కారుతోంది, మధ్యలో గుండు తల లోపలికి లాక్కుని బుస్సుమంటోంది. ఈశ్వర్ తెచ్చిన సముద్రపు ఇసుక తడిసి, ఉప్పగా, చల్లగా అలాగే ఉంది.

పక్కింటి అసిరమ్మ గోడ మీంచి తొంగిచూసి, "తాబేలు కూరేటి?" అని అడిగింది.

లక్ష్మణమ్మకి కోపం నషాళానికంటింది. "ఉపాసం ఉన్న దేవుణ్ణి కాల్సీసినావు గదే! ఇప్పుడే తీసుకెల్లి వదిలీసొస్తాను" అని బుట్ట అందుకుంది.

హేమ వాకిట్లో అడ్డంగా నిలబడింది. అత్తకి ఎదురు నిలబడడం ఆ ఇంటికొచ్చాక అదే మొదటిసారి. బుట్ట తగిలినా పక్కకి జరగలేదు.

"పున్నమి దాకా నాకొదిలీ అత్తా. పున్నమికి ఇది తినకపోతే, నానే నా సేతుల్తో సముద్రం కాడికి మోసుకొస్తాను. ఈలోగా నా పని నన్ను సేసుకోనీ."

లక్ష్మణమ్మ బుట్ట దించింది. పెళ్ళయినప్పట్నించీ చేపలమ్మిన మనిషి, బేరమంటే చెవి నిక్కబొడుచుకుంటుంది. "మాట తప్పవు గదా?"

"తప్పను."

"మరయితే ఆ దిక్కుమాలిన థర్మాకోల్ ఎందుకు? అదిగో, మీ మావ వలపెట్టె ఉన్నాది, తీసుకో. సరైన పెట్టె నేక ఓడిపోనానని రేపు నువ్వనకూడదు."

పోతురాజు వలలు పెట్టుకునే పెట్టె అది. మనిషి పడుకునేంత పొడుగు, బొటనవేలంత మందం చెక్క. ఆయన పోయాక లక్ష్మణమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు పాత వలలు, వల తేలడానికి కట్టే బెండ్లు ఆమే ఒక్కొక్కటిగా తీసి అటక మీద పెట్టింది. పెట్టడం అయ్యాక పైటతో ముక్కు తుడుచుకుని చేపలమ్మడానికి వెళ్ళిపోయింది.

హేమ కొంగు బిగించింది. మనసులో ఒకటే లెక్క: గుండు బతకాలి, పున్నమిలోగా తినాలి. పెట్టె బయటివైపు చుట్టూ మిగిలిన థర్మాకోల్ పలకలు కట్టింది, లోపల చెక్కే ఉండేలా. కోళ్ళఫారంలో పిల్లలకి వెచ్చదనం కోసం వేలాడదీసే బల్బు ఒకటి పుట్టింటి ఊరి నుంచి తెప్పించింది. దాన్ని ఒక చివర, ఏ గోడకీ తగలకుండా ఈశ్వర్ గొలుసుతో కట్టాడు. రొయ్యల చెరువు దగ్గర పనిచేసే స్నేహితుణ్ణి బతిమాలి నీళ్ళ వేడి చూసే థర్మామీటరు తెచ్చాడు. కింద పరుపుకి ఇసుక వద్దని, ఉద్దానం కొబ్బరిపీచు పొట్టు ఎండబెట్టి, దాన్ని నాన్న మెట్టచేలో మట్టితో కలిపి జానెడు మందం వేసింది. బల్బు కింద పలకరాయి, రెండో చివర చల్లని చోట సగం పగిలిన కుండ దాక్కోవడానికి, మధ్యలో లోతు లేని మూకుడు నీళ్ళకి. బల్బు ఎంత వెలిగినా ఎండ పనికి ఎండే కావాలని డాక్టరు చెప్పాడు గనక, రోజూ పొద్దున్న డాబా మీదికి ఎత్తుకెళ్ళి ఎండలో వదిలి, కాకులు పొడవకుండా పక్కనే కర్ర పట్టుకుని కూర్చునేది.

"మనకి ఫేనుకే దిక్కు నేదు, బావకి బంగ్లా కట్టినావు" అన్నాడు ఈశ్వర్.

"నీ బావే గదా, కుళ్ళు దేనికి?"

ఒక చిక్కు మాత్రం తెగలేదు. తెల్లారేసరికి పెట్టె చల్లబడిపోతోంది. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పెట్టినా, సముద్రపు గాలి మూత సందుల్లోంచి దూరిపోతోంది. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే థర్మామీటరులో వేడి పడిపోలేదు. మూత మీద గోనెసంచి రెండు మడతలు పరిచి ఉంది, బల్బు ఉన్న చివర దాన్ని మడిచి గాలికి దారి వదిలారు, మిగతా చుట్టూ చేపలబుట్ట కట్టే తాడుతో బిగించారు. ఆ ముడి ఈ ఇంట్లో ఒక్కరికే వచ్చు.

"నువ్వేనా అత్తా?"

"మరేటి? వదులుగా కట్టిన పెట్టె సూస్తే నా సెయ్యి ఊరుకోదు" అంది లక్ష్మణమ్మ, మొహం పక్కకి తిప్పుకుని. "అయినా అది తినాల గదా. పెట్టె ఎచ్చగుంటే సరిపోనాదా?"

అదే బాధ. గుండు కళ్ళు తెరిచింది. మెడ చాపింది. గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెడితే మూతి ముంచి తాగింది, నాళ్ళ తరబడి బిగబట్టినదంతా ఆ నీళ్ళలోనే వదిలేసి హేమ చేత రెండుసార్లు గిన్నె కడిగించింది. ఫోన్లో చెప్తే డాక్టరు సంతోషపడ్డాడు. పలకరాయి మీద ఎక్కి బల్బు కింద కాళ్ళు బారచాపుకుని పడుకోవడం నేర్చుకుంది. ఇంత చేసినా తిండి ముట్టదు. గరిక పెడితే తొక్కుకుంటూ పోతుంది. కీర ముక్క మీద కూర్చుంటుంది. హేమకి ఒక్కోసారి దాన్ని పట్టుకుని నోట్లో కుక్కేయాలన్నంత కసి పుట్టేది. చేతులు వెనక్కి కట్టుకుని ఊరుకునేది.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం ఈశ్వర్ వల కుట్టుకుంటూ మెల్లగా అన్నాడు. "ఒసే, దీన్ని మీ వోళ్ళింటికి పంపీద్దాం. సచ్చిపోనాదని అమ్మకి నాను సెప్తాను."

హేమకి ఆ మాట తీపిగానే తోచింది. ఒక్క క్షణం బండి తాళాల వైపు చూసింది కూడా. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వద్దు మావా. అబద్దం సెప్పి దీన్ని బతికిస్తే, నువ్వు ఏటకెల్లినప్పుడల్లా మీ అమ్మ ఒడ్డున కూసుని గుండెలు బాదుకుంటాది. నాకు ఇదీ బతకాల, మీ అమ్మ బయమూ పోవాల."

"రెండూ అవుతాయేటి?"

"ఏమో. మాట ఇచ్చినాను. ఎల్తాను."

మర్నాడు వాడంతా చీకటుండగానే స్నానాలకి బయల్దేరింది. హేమ మాత్రం కదల్లేదు. "పొద్దెక్కాక ఎల్దాం అత్తా. చల్లటి ఒంటితో దీన్ని బయటికి తేను. ఒడ్డున పెడతాను, నీళ్ళకేసి నడిస్తే నాను అడ్డం రాను" అంది. ఎండ బాగా ఎక్కేదాకా గుండుని బల్బు కిందే ఉంచింది. లక్ష్మణమ్మ కూడా తొందర పెట్టలేదు. పసుపు, కుంకం, పెరటి మందారాలు పళ్ళెంలో సర్దుకుని గుమ్మంలో కూర్చుంది.

ఒడ్డు నిండా జనం. హేమ గుండుని చీరకొంగులో చుట్టి పొట్టకి ఆనించుకుని తెచ్చింది. తడి ఇసుక దాకా వచ్చాక కాళ్ళు ముందుకు పడలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే వంగి, సముద్రంవైపు మొహం పెట్టించి గుండుని కింద దించింది. లక్ష్మణమ్మ డిప్పకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, సొట్ట ఉన్నచోట కుదురుగా ఒక ఎర్ర మందారం ఉంచింది. "తప్పులుంటే కాయి తల్లీ, నా కొడుకుని సల్లగా సూడు" అని దండం పెట్టుకుని, వెనక్కి జరిగి పళ్ళెం పొడి ఇసుక మీద పెట్టింది.

అల వచ్చి గుండు ముందుకాళ్ళని తాకింది. అది బుస్సుమని తల లాక్కుంది. అల వెనక్కి పోయాక తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా తిరిగి, ఒడ్డు పైకి నడవడం మొదలెట్టింది.

లక్ష్మణమ్మ నోరు తెరుచుకుని చూసింది. తన జన్మలో ఎన్ని తాబేళ్ళని సాగనంపిందో లెక్కలేదు. రెక్క విరిగినదాన్ని కూడా ఇసుక మీద పెడితే నీళ్ళకేసే పాకేది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు కూడా అంతే. గుడ్లు పెట్టడానికి వచ్చేది తప్ప ఒడ్డుకేసి నడిచిన తాబేలుని ఆమె చూడలేదు. అయినా మనసు ఒప్పక, దాన్ని ఎత్తి మళ్ళీ సముద్రంవైపు తిప్పి, రెండడుగులు ముందుకు పెట్టింది. హేమ పెదవి కొరుక్కుని నిలబడింది.

ఈసారి అల పెద్దది. గుండుని వెల్లకిలా దొర్లించేసింది. పిక్కల్లోతు నీళ్ళలోనే అది అడుక్కి దిగిపోయింది. కాళ్ళు నాలుగూ గాల్లో కొట్టుకున్నట్టు నీళ్ళలో కొట్టుకున్నాయి, ఒక్కటీ ఈదలేదు. హేమ "అత్తా" అనేలోపే లక్ష్మణమ్మ చీర తడుస్తున్నా లెక్కచేయక మోకాళ్ళ మీద పడి, రెండు చేతులా దాన్ని పైకి లాగేసింది. పొడి ఇసుక దాకా పరిగెత్తుకొచ్చి, పైటతో మూతి తుడిచి, కళ్ళు తుడిచి, గుండెకి హత్తుకుని చతికిలబడింది.

"దీనికి నీళ్ళంటే ఏటో తెల్దే" అంది. "నానే ముంచీబోనాను గదే."

హేమ అత్త ఒళ్ళోంచి గుండుని తీసుకుని, ఎండకి కాలుతున్న ఇసుక మీద పెట్టింది. అది కాసేపు బిగుసుకుని ఉంది. తర్వాత మెడ బయటికి వచ్చింది. లక్ష్మణమ్మ పక్కన పూజపళ్ళెం ఒరిగి మందారాలు ఇసుకలో పడి ఉన్నాయి. గుండు వాటికేసి నాలుగడుగులు వేసింది. వాసన చూసింది. నోరు తెరిచి ఒక పువ్వుని కరిచింది. జారిపోయింది. మళ్ళీ కరిచి, ముందుకాలితో తొక్కిపట్టి, రేకలు చింపుకుని నమిలింది.

ఆ పువ్వు అయిపోయాక అది రెండోదాని మీదికి వెళ్ళింది. హేమ మొహం దాచుకోకుండా ఏడ్చేసింది.

లక్ష్మణమ్మ లేచింది. పళ్ళెంలో మిగిలిన పసుపు, కుంకం పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. అల నడుం దాకా వచ్చేచోట ఆగి, అదంతా సముద్రంలో కలిపేసి చేతులు జోడించింది.

"ఇది నీది కాదు గంగమ్మ తల్లీ" అంది, గట్టిగానే. "ఇది మా కోడలిది."

వెనక్కొచ్చి, పువ్వు ఇంకా నములుతున్న గుండుని చూసి, హేమ కొంగు లాగి దాని మీద కప్పింది.

"ఏడుపు ఇంటికెల్లి ఏడుద్దువు గాని. గాలి కొడతన్నాది, పెట్టె కాడికి నడు."